నీటికి ఎంత వదలాలి?

వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, కదలిక సద్దుమణిగేదాకా ఆగుతారు. సిరా అద్దిన కుంచె మొనను నీటికి తాకీతాకనట్టు ఆనిస్తారు. సిరా మునగదు, గుండ్రంగా పరుచుకుంటుంది. రెండో కుంచెకు రంగులేని ద్రవం ఉంటుంది. నీటి తలతన్యతను తగ్గించడం దాని పని. ఆ మొనను సిరా మచ్చ నడిమధ్యలో ఆనిస్తే సిరా చుట్టూ జరిగి ఉంగరమవుతుంది. ఆ ఉంగరంలో మళ్లీ సిరా, ఆ సిరాలో మళ్లీ ద్రవం. వలయాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విస్తరిస్తాయి. అప్పుడు నోటితో మెల్లగా ఊదుతారు, లేదా విసనకర్రతో విసురుతారు. వలయాలు వంగి, సాగి, ఎవరూ గీయని ఆకారాలవుతాయి. కాగితం పరిచి ఎత్తితే ఆ క్షణాన నీటిమీద ఉన్నదంతా కాగితానికి ఎక్కుతుంది. దిద్దడానికి వీల్లేదు. అచ్చం అలాంటిదే ఇంకోటి తీయడానికీ వీల్లేదు.

జపాన్‌లో దీన్ని సుమినగాషి అంటారు. క్యోటోలోని నిషి హోంగాన్‌జీ ఆలయం భద్రపరచుకున్న రాతప్రతుల్లో ముప్పై ఆరుగురు కవుల సంకలనం ఒకటి ఉంది. 12వ శతాబ్దం తొలినాళ్లది. కవితలు రాసిన ఆ కాగితాల్లో కొన్ని ఇలా నీటిమీంచి ఎత్తినవే. అంటే దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటే ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు ఉన్నారు. అప్పట్లో అది రాతకు నేపథ్యం, కాగితానికి సొగసు. ఇవాళ దానికీ, దాని వరసకు చెందిన మరికొన్ని పద్ధతులకూ కొత్త బాధ్యత అప్పగించారు: మనసును నిలపడం. తడి కాగితంమీద రంగు వదిలి అది పాకే తీరు చూడటం, పలచన చేసిన అక్రిలిక్ రంగులను కాన్వాసుమీద పోసి అటూ ఇటూ వంచడం, ఆరిపోగానే గీత మాయమయ్యే పలకమీద నీళ్లతో గీయడం, అన్నీ ఇప్పుడు ధ్యానం పేరుతో వస్తున్నాయి. హైదరాబాద్‌లోనూ ఇలాంటి వారాంతపు తరగతులు నడుస్తున్నాయి. ‘బొమ్మలు వేయడం రాకపోయినా ఫరవాలేదు, ఏ నియమమూ లేదు, నీటికి వదిలేయండి’ అన్నది వాటి పిలుపు.

ఈ పిలుపులో నిజం ఎంత? నేను దీన్ని కొట్టిపారేసే పక్షంలో లేను. అలాగని పూర్తిగా ఒప్పుకోలేను కూడా.

ముందు దీన్ని మెచ్చుకునేవాళ్ల మాట. బడిలో ఎప్పుడో ఎవరో నవ్వినందుకు పెన్సిల్ పక్కన పెట్టేసినవాళ్లు మన చుట్టూ లెక్కలేనంతమంది. ఏనుగు ఏనుగులా రావాలి, ముక్కు ముక్కులా రావాలి అన్న భయం వాళ్ల వేళ్లలో ఉండిపోతుంది. నైరూప్య చిత్రంలో పోలిక చూసేవాళ్లు లేరు. అందులోనూ నీరు సగం పని తానే చేస్తుంది కాబట్టి తప్పు చేశానన్న భావనకు చోటు తక్కువ. ఇది చిన్న సంగతి కాదు. అరవై ఏళ్ల మనిషి జీవితంలో మొదటిసారి రంగు ముట్టుకోవడానికి ఈ ఒక్క సడలింపు చాలు.

రెండోది, వేగం. నీళ్లు నిలవడానికి పట్టే సమయాన్ని ఎవరూ తగ్గించలేరు. సిరా పరుచుకునే నడకను తొందరపెడితే వలయం చెదురుతుంది. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది: ఊపిరి. కూర్చుని శ్వాసను గమనించమని చెప్పే పద్ధతుల్లో కొత్తవాళ్లకు ఎదురయ్యే కష్టం, ఆ శ్వాస కంటికి కనబడకపోవడం. సుమినగాషిలో మీరు ఊదిన గాలి ఎంత గరుకుగా ఉందో, ఎంత నెమ్మదిగా ఉందో సిరా వంపులో ఎదురుగా కనిపిస్తుంది. పళ్లెంమీద వంగి ఉన్నప్పుడు నిట్టూర్పు కూడా గీత అవుతుంది. శ్వాసను సరిచేసుకోమని ఇంకొకరు చెప్పాల్సిన అవసరం రాదు.

శాస్త్రం వైపునుంచి కూడా కొంత ఆసరా దొరుకుతుంది. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాలపాటు తమకు తోచినట్టు బొమ్మలు చేశారు. పనికి ముందూ తర్వాతా వాళ్ల లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడి ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోను అది. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. కళలో ముందు అనుభవం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా కనబడలేదు. తరగతులు నడిపేవాళ్లు ఈ ఫలితాన్ని ఇష్టంగా చెప్పుకుంటారు, చెప్పుకోవచ్చు కూడా. అయితే ఆ పరిశోధనలో వాడినవి మార్కర్లు, బంకమట్టి, అతికించే కాగితపు ముక్కలు. నీళ్ల ప్రసక్తి లేదు. ఆ ముప్పావుగంట ఊరికే కూర్చున్నా కార్టిసాల్ తగ్గేదేమో తేల్చడానికి పోలిక బృందం కూడా లేదు.

ఇక అవతలి పక్షం. వాళ్ల వాదన కళతో కాదు, ధ్యానంతోనే మొదలవుతుంది. నీటిని ధ్యాన వస్తువుగా తీసుకున్న సంప్రదాయం ఒకటి చాలా పాతది. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన ‘విసుద్ధిమగ్గ’లో ఆపో కసిణం అనే సాధన ఉంది. ఆయన ఆంధ్రదేశం వాడని వాదించిన పండితులు ఉన్నారు. పాత్రను శుభ్రమైన నీటితో అంచులదాకా నింపి, ఎవరూ రాని చోట పెట్టుకుని, దానిమీదే దృష్టి నిలపాలి. నీటిలో నురుగో బుడగలో ఉంటే మనసులో నిలిచే ప్రతిరూపంలోనూ అవే వస్తాయనీ, అది దోషమనీ ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. ఒక్క బుడగనే దోషమన్న సాధన, నీలం ఎరుపు పసుపు కలిసి సుడులు తిరిగే పళ్లేన్ని చూస్తే ఏమంటుంది? రంగు ఆకర్షిస్తుంది, ఆకర్షణ మనసును లాగుతుంది. కాగితం ఎత్తగానే ‘ఎలా వచ్చింది’ అని చూస్తాం, బాగుంటే మురుస్తాం, బాగాలేకపోతే ఇంకో కాగితం అందుకుంటాం. అందమైన ఆ వరస మొత్తం కోరికతోనే నడుస్తోంది కదా అన్నది వాళ్ల అభ్యంతరం. ఇందులో బలం ఉంది. పెద్ద కట్ట కాగితాలు ఒక్క సాయంత్రంలో ఖాళీ చేసి, మనసు తేలికైందని చెప్పేవాళ్ల ఉత్సాహం నిజమే కానీ, అది జాతరలో తిరిగొచ్చిన ఉత్సాహానికి దగ్గర.

‘ఏ నియమమూ లేదు’ అన్న పిలుపును నేరుగా తాకే పరిశోధన ఇంకొకటి ఉంది. అమెరికాలోని నాక్స్ కళాశాలకు చెందిన నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ 2005లో ప్రచురించినది అది. 84 మంది విద్యార్థులకు ముందు కొద్దిగా ఆందోళన కలిగించి, తర్వాత మూడు గుంపులు చేసి రంగులు వేయమన్నారు. ఒక గుంపుకు గుండ్రని మండల చిత్రం గీసి ఉన్న కాగితం, రెండో గుంపుకు గళ్ల డిజైన్, మూడో గుంపుకు ఖాళీ తెల్లకాగితం. మండలానికీ గళ్లకూ రంగు నింపినవాళ్ల ఆందోళన తగ్గింది. ఖాళీ కాగితంమీద ఇష్టమొచ్చినట్టు వేసినవాళ్లలో ఆ తగ్గుదల రాలేదు. చిన్న ప్రయోగమే, చివరి మాట కాదు. కానీ స్వేచ్ఛ అంటేనే ప్రశాంతత అని నమ్మేవాళ్లు దీన్ని దాటి వెళ్లలేరు. కలతలో ఉన్న మనిషికి ‘ఏదైనా చేయి’ అని చెప్పడం అతని భుజంమీద ఇంకో నిర్ణయం మోపడమే.

ఇక్కడే నాకు రెండు పక్షాలూ ఒక విషయాన్ని వదిలేస్తున్నాయనిపిస్తుంది. నీటి పళ్లెం ఖాళీ కాగితం కాదు. ఖాళీ కాగితంమీద ప్రతి గీతా మనమే నిర్ణయించాలి. నీటిమీద వలయం గుండ్రంగానే వస్తుంది, ముందు వేసిన సిరా తర్వాతి సిరాకు దారి ఇస్తుంది, అంచు తగిలితే ఆగుతుంది. మండలం గీసిన కాగితం ఏ ఆసరా ఇస్తుందో, తలతన్యత అదే ఆసరా ఇస్తుంది. కాబట్టి నీటితో చేసే పనిలో నియమం లేదనడం తప్పు. అక్కడ గట్టి నియమం ఉంది, దాన్ని నీరు పెడుతోంది. ఎటొచ్చీ మనిషి తనవైపునుంచి ఎంత నియమం పెట్టుకుంటాడన్నదే తేల్చాల్సింది.

ఆ లెక్కను శతాబ్దాలుగా సరిచూస్తూ వచ్చినవాళ్లు టర్కీ దేశపు ఎబ్రూ కళాకారులు. ఎబ్రూ కూడా నీటిమీద రంగే, కానీ ఆ నీరు వట్టి నీరు కాదు. ట్రాగకాంత్ అనే చెట్టుబంకను నానబెట్టి, వడకట్టి, చిక్కగా చేసిన నీరు. రంగులను పాలరాతిమీద నూరి, తేలడానికీ విచ్చుకోవడానికీ ఎద్దు పైత్యరసం కలుపుతారు. గులాబీ కొమ్మకు గుర్రపు వెంట్రుకలు కట్టిన కుంచెతో చిలకరిస్తారు. పైత్యరసం ఒక చుక్క ఎక్కువైతే రంగు విపరీతంగా పాకుతుంది, తక్కువైతే ముడుచుకుంటుంది లేదా అడుక్కు దిగుతుంది. గదిలో వేడి, గాలిలో తేమ, పైన పడే దుమ్ము, అన్నీ ఫలితాన్ని మారుస్తాయి. యునెస్కో 2014లో ఎబ్రూను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మౌలిక నైపుణ్యాలు పట్టుబడటానికే కనీసం రెండేళ్లు పడుతుందని అప్పటి వివరణలో ఉంది. రెండు గంటల తరగతికీ ఈ రెండేళ్లకూ మధ్య దూరం చూడండి.

ఆధ్యాత్మిక సంబంధం ఎబ్రూకు బయటినుంచి అంటించింది కాదు. 19వ శతాబ్దంలో ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్‌లో ఉన్న ఉజ్బెక్ సూఫీ మఠమే ఈ కళకు ఇల్లు. అక్కడి ఎద్‌హెమ్ ఎఫెంది దగ్గర నెజ్మెద్దీన్ ఒక్యాయ్ నేర్చుకున్నాడు. ఆయన (1883–1976) అందమైన దస్తూరీ రాసేవాడు, విలుకాడు, గులాబీలు పెంచేవాడు. నీటిమీద పూలు స్పష్టంగా కనిపించేలా తీర్చే పద్ధతి ఆయన చేతిలోనే కుదురుకుంది. ఆయన బంధువూ శిష్యుడూ అయిన ముస్తఫా దుజ్‌గున్‌మన్ (1920–1990) అదే ఉస్కుదార్‌లో మూలికలూ సుగంధద్రవ్యాలూ అమ్ముకుంటూ ఎబ్రూను నిలబెట్టాడు. వీళ్లెవరూ ‘నీటికి వదిలేయండి’ అనే రకం కాదు. వదలాల్సిన చోటు చేరడానికే ఏళ్లు పెట్టారు. నూరడం, వడకట్టడం, పైత్యరసాన్ని చుక్కచుక్కగా సరిచూడటం, బోలెడంత విసుగుపుట్టించే పని ఇది. నా అభిప్రాయంలో సాధన అంతా ఆ విసుగులోనే ఉంది. కంటికి ఇంపైన భాగం వచ్చేసరికి సాధకుడి పని దాదాపు అయిపోతుంది.

అయితే ఆ సంప్రదాయంలోనే తమకిష్టమైనదాన్ని పట్టుకు వేలాడినవాళ్లూ ఉన్నారు. అయాసోఫియా మసీదులో ప్రవచనకర్తగా పనిచేసిన హతిబ్ మెహ్‌మెద్ ఎఫెంది 1773లో ఇల్లు అంటుకున్నప్పుడు తన ఎబ్రూ కాగితాలను కాపాడబోయి మంటల్లో చనిపోయాడని చెబుతారు. నీటిమీద చేసేవాళ్లందరూ అనిత్యతను ఒంటపట్టించుకున్నవాళ్లే అని తేలిగ్గా రాసేవాళ్లకు ఈ కథ గుర్తుచేయాలి. కానీ దీన్ని నేను ఆయనకు మచ్చగా చూడను. ఏళ్లతరబడి చేతులతో ప్రేమించినదాన్ని నిప్పుకు ఇవ్వలేకపోవడం మనిషితనం.

మన దక్కన్ ఈ లెక్కను ఇంకో రకంగా తేల్చింది. 17వ శతాబ్దంలో బీజాపూర్‌లో ఇలాంటి కాగితపు పనితో మనుషులనూ జంతువులనూ చిత్రించారు. చిక్కి శల్యమైన గుర్రం, దానిమీద అంతే బక్కచిక్కిన రౌతు ఉన్న చిత్రం ఒకటి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1625 ప్రాంతానిది. ఒంటి గీతలు కళాకారుడివి, ఆ ఒంటిమీద సుడులన్నీ నీటివి. ఎముకలు తేలిన ఆ గుర్రం డొక్కలో రంగు అలలుగా పారుతుంటే దాని ఆకలి కదులుతున్నట్టే ఉంటుంది. హద్దు మనిషిది, కదలిక నీటిది అన్న ఒప్పందం ఇంత గొప్పగా కుదిరిన చోటు నాకు ఇంకోటి తెలియదు. దీన్ని ధ్యానమని వాళ్లు పిలిచారో లేదో గానీ, ఎక్కడ ఆగాలో ఎక్కడ వదలాలో తెలిసిన మనసు పని అది.

తెలుగు చిత్రకళకు కూడా నీటి పాఠం ఒకటి వచ్చింది. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చారు. వాళ్ల పద్ధతి చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ వేసిన బొమ్మను నీళ్లలో ముంచి, రంగును పలచన చేసి, ఆరబెట్టి మళ్లీ వేసే వాష్ పద్ధతిని తీర్చిదిద్దాడు. ఆ బెంగాలీ బాణీ ప్రమోద్ కుమార్ ఛటర్జీతో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరింది, అడివి బాపిరాజు లాంటివాళ్లు అక్కడ నేర్చుకున్నారు. గంటలకొద్దీ వేసిన బొమ్మను చేతులారా నీళ్లలో ముంచడానికి ఎంత నమ్మకం కావాలో ఊహించండి. అవి నైరూప్య చిత్రాలు కావు, కానీ వదలడం అన్నది వాటిలో ప్రతి దశలోనూ ఉంది.

మిగల్చాలా, పోనివ్వాలా అన్న చర్చ కూడా ఇక్కడ తప్పదు. చైనాలో 1990ల నుంచి పార్కుల్లో, ముఖ్యంగా బీజింగ్‌లో, పదవీ విరమణ చేసిన పెద్దలు చీపురుకర్రంత కర్రకు స్పాంజి మొన బిగించి రాతి పలకలమీద నీళ్లతో అక్షరాలు రాస్తుంటారు. నిమిషాల్లో ఆరిపోతాయి. బీజింగ్ కళాకారుడు సోంగ్ డోంగ్ 1995 నుంచి ఒక రాతిమీద నీళ్లతో డైరీ రాస్తున్నాడు. చిన్నతనంలో సిరా, కాగితం ఆదా అవుతాయని రాతిమీద నీళ్లతో దస్తూరీ సాధన చేయమని తండ్రి చెప్పిన పద్ధతే అది. పేదరికం నేర్పిన అలవాటు, ఎవరూ చదవలేని డైరీ అయింది. 1996లో అతను లాసా నదిలో కూర్చుని ‘నీరు’ అనే అక్షరం చెక్కిన పెద్ద కొయ్య ముద్రను పదేపదే నీటిమీద మోదాడు. నీటికి ముద్ర పడదు. కానీ ఆ పని లోకానికి తెలిసింది ఛాయాచిత్రాల ద్వారానే, ఆ ఛాయాచిత్రాలే ఇవాళ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. ఏమీ మిగలకూడదన్న పని కూడా సాక్ష్యం కోరుకుంటుంది. ఇందులో మోసమేమీ నాకు కనబడదు. డైరీ రోజూ సాగుతోంది, ఫొటోలు ఒకప్పటివి. ఇబ్బంది ఎక్కడంటే, పళ్లెం పక్కన ఫోను నిలబెట్టి మొదటి చుక్కనుంచీ చిత్రీకరించేవాళ్ల దగ్గర. అక్కడ ఊదే గాలి కూడా చూసేవాళ్లకోసమే. కాగితం దాచుకోవడంకన్నా ఇది సాధనను ఎక్కువ చెడగొడుతుందని నా నమ్మకం, ఎందుకంటే కాగితాన్ని తర్వాత చూస్తాం, కెమెరా చేస్తున్నప్పుడే చూస్తుంది.

రోజూ వేసి రోజూ చెరిగిపోయేది మన వాకిట్లోనూ ఉంది కదా అని ఎవరైనా అడుగుతారు. కళ్లాపి చల్లిన తడి నేలమీద చుక్కలు పెట్టి ముగ్గు కలపడంలో హద్దుంది, పునరావృతి ఉంది, మధ్యాహ్నానికి కాళ్లకింద పోతుందన్న ఎరుక ఉంది. నియమం మనసును నిలుపుతుందన్న వాదనకు ఇంతకన్నా దగ్గర ఉదాహరణ లేదు. కానీ ముగ్గును ధ్యానమని మెచ్చుకునేముందు తటపటాయిస్తాను. ధనుర్మాసపు చలిలో చీకటితోనే లేచి, అది అయ్యాక ఇంకా పది పనులు ఎదురుచూస్తుంటే వేసే ముగ్గు, చాలామంది ఆడవాళ్లకు ఎంచుకున్నది కాదు, అప్పగించినది. అందులో ఆనందం పొందినవాళ్లు ఎంతోమంది. అది వాళ్లు ఆ పనికి ఇచ్చుకున్నది, పని వాళ్లకు ఇచ్చింది కాదు. ఏ సాధన అయినా మానేసే హక్కు ఉన్నప్పుడే సాధన అవుతుంది.

కాబట్టి నా మొగ్గు ఇటు. నీటితో నైరూప్య చిత్రం ధ్యానం కాగలదు, కానీ ‘ఏదైనా చేయండి’ అన్నప్పుడు కాదు. ఒకే పళ్లెం, ఒకే సిరా, రోజుకు ఒకటో రెండో కాగితాలు, వచ్చినదాన్ని అప్పటికప్పుడు మంచీచెడూ ఎంచకుండా ఆరబెట్టడం. ఇంత ఇరుకైన పద్ధతిలో నీటికి నిజంగా చోటు దొరుకుతుంది. పళ్లెం కూడా అక్కర్లేదనుకుంటే మన ఇళ్లలో కడప నల్లబండ ఉంది. పొడిబండమీద తడి కుంచె లాగితే గీత ముదురుగా కనిపిస్తుంది. రాతి గరుకులోకి నీరు చేరి, వెలుతురు చెదిరి వెనక్కి రావడం తగ్గడమే ఆ ముదురురంగు. అది పూర్తిగా పోయేదాకా చూసి, పోయాకే రెండోది గీయాలి. మే నెలలో అది చూస్తుండగానే పోతుంది. శ్రావణంలో ఓపికను పరీక్షిస్తుంది. ఎంతసేపు చూడాలో వాతావరణమే చెబుతుంది.

ఆరేడు రంగుల అక్రిలిక్ పోతల గురించి మాత్రం నాకు మెత్తదనం తక్కువ. అక్రిలిక్ ప్లాస్టిక్కే. ప్రశాంతత పేరుతో గిన్నెలకొద్దీ రంగునీళ్లు సింకులో పారబోయడం సరికాదు. మిగిలింది ఎండబెట్టి పెచ్చుగా తీసి చెత్తలో వేయాలి. సరదాకు చేసుకోవచ్చు, సరదాకు ధ్యానమనే పేరు పెట్టాల్సిన పనిలేదు.

ఈ కఠినత్వాన్ని అందరిమీదా రుద్దను. దుఃఖంలో ఉన్నవాళ్లు, వణికే చేతులతో ఉన్న పెద్దలు, కళ్లు మూసుకుని కూర్చుంటే గుబులు పెరిగేవాళ్లు, వీళ్లకు రంగు నీటిలో విచ్చుకోవడం చూడటమే చాలు. వాళ్లను ఎన్ని కాగితాలు వాడారని అడగకూడదు. ఆ గుబులు వారాలతరబడి వదలకపోతే, నిద్రా తిండీ చెడితే, పళ్లెం కాదు, వైద్యుడు కావాలి. కార్టిసాల్ లెక్కలు చెప్పేవాళ్లు ఈ మాటను కూడా అదే గొంతుతో చెప్పాలి.

తరగతులు నడిపేవాళ్లను నేను కోరేది ఒకటుంది. ఇంటికి వెళ్లేటప్పుడు ఫ్రేము కట్టిన బొమ్మకు బదులు రెండు కుంచెలు, చిన్న సిరా సీసా చేతికివ్వండి. నెల తర్వాత ఎంతమంది మళ్లీ పళ్లెంలో నీళ్లు పోశారో కనుక్కోండి. ఆ సంఖ్యనే తర్వాతి తరగతి ప్రకటనలో వేయండి.